మాల్‌లో ఫోటోలు తీస్తుంటే సెక్యూరిటీ ఆపి డిలీట్ చేయించారు, ఇది సబబేనా?

గాజుకప్పు:

నిన్న సాయంత్రం నుంచి మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నా. కాస్త పెద్దదవుతుంది, ఏమీ అనుకోకండి.

నాకు భవనాల ఫోటోలు తీయడం సరదా. మనుషుల జోలికి వెళ్ళను, మెట్లు, వంతెనలు, కిటికీల వరసలు, ఇలాంటివే. నిన్న ఏదో కొనడానికి మాల్‌కి వెళ్ళా, సంచిలో చిన్న కెమెరా ఉంది. పై అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడి కిందికి చూస్తే ఎస్కలేటర్లన్నీ ఒకదాని మీదొకటి కత్తెర వేసినట్టు కనిపిస్తున్నాయి, గాజు పైకప్పులోంచి సాయంత్రపు ఎండ వాటి మీద చారలు చారలుగా పడుతోంది. అలాంటి వెలుతురు పది నిమిషాలు కూడా ఉండదు. పద్నాలుగు ఫోటోలు తీశా. ట్రైపాడ్ లేదు, ఫ్లాష్ లేదు, ఎవరికీ అడ్డం లేను.

పదిహేనోది తీయబోతుంటే వెనక నుంచి "సార్, ఏం చేస్తున్నారు" అని వినబడింది. ఒకతను వచ్చాడు, వాకీటాకీలో ఏదో అన్నాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. ఎందుకు తీస్తున్నావు, ఎవరు పంపారు, ఏ కంపెనీ. ఎవరూ పంపలేదు, ఊరికే తీస్తున్నా అంటే అదే వాళ్ళకి అనుమానంగా ఉన్నట్టుంది, ఊరికే ఎవరైనా ఎస్కలేటర్ ఫోటో తీస్తారా అని! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమాషా ఏంటంటే, సరిగ్గా నాకు నాలుగడుగుల దూరంలో ఇద్దరు అమ్మాయిలు ఫోన్ రెయిలింగ్‌కి ఆనించి డాన్స్ రీల్ చేస్తున్నారు, వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత కంట్రోల్ రూమ్ అని ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. పేరు, ఫోన్ నంబర్ రాసుకున్నారు, గుర్తింపు కార్డు పట్టుకుని నిలబడమని నా ఫోటో తీసుకున్నారు. అవును, ఫోటోలు తీయకూడదని చెబుతూ నా ఫోటో తీసుకున్నారు. అక్కడ ఒకాయన చాలా మర్యాదగా "మీరే డిలీట్ చేసేయండి సార్, వెళ్ళిపోవచ్చు" అన్నాడు. చేసేశా. అందరూ చూస్తున్నారు, టెన్షన్‌లో ఇంకేం తోచలేదు. బయటికొచ్చాక కోపం ఆపుకోలేక రోడ్డు మీద నిలబడి అదే మాల్‌ని మూడు ఫోటోలు తీసి ఇంటికొచ్చా. ఎందుకు తీశానో నాకే తెలీదు.

నేను అడిగేది ఇదీ. వాళ్ళకి నన్ను ఆపే హక్కు ఉందా? డిలీట్ చేయించే హక్కు ఉందా? ఆ పద్నాలుగూ మళ్ళీ వస్తాయా?

నల్లకోటు:

మీ మూడు ప్రశ్నల్లో మొదటి రెండిటినీ కలిపి చూడకండి, అక్కడే అందరూ పొరబడతారు.

మాల్ చూడ్డానికి వీధిలా ఉంటుంది గానీ వీధి కాదు. బెంచీలు, చెట్లు, ఫౌంటెన్, జనం, అన్నీ ఉంటాయి, కానీ మొత్తం ఒకరి సొత్తు. మనల్ని లోపలికి రానిస్తున్నారంటే అది వాళ్ళిచ్చిన అనుమతి, ఆ అనుమతికి షరతులు పెట్టుకోవచ్చు, ఫోటోలు వద్దనడం అలాంటి షరతే. చాలా దేశాల్లో పరిస్థితి ఇంతే. కాబట్టి "తీయొద్దు" అనొచ్చు, "బయటికి వెళ్ళండి" అనొచ్చు. వెళ్ళమన్నాక కూడా వెళ్ళకపోతే అప్పుడు అది అక్రమ ప్రవేశం కిందికొస్తుంది. ఫోటో తీసినందుకు కాదు, పొమ్మన్నా పోనందుకు. ఈ తేడా గుర్తుంచుకోండి.

డిలీట్ సంగతి వేరు. కెమెరా మీది, అందులోది మీది. దాన్ని లాక్కోవడానికీ, చెరిపించడానికీ ప్రైవేటు గార్డుకి అధికారం ఉండదు. అసలు పోలీసుల సంగతే చూడండి, ఫోటోగ్రాఫర్లతో వరసగా గొడవలయ్యాక లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు తమవాళ్ళకే రాసి పెట్టుకున్నారు, తనిఖీ చేస్తున్నప్పుడు డిజిటల్ చిత్రాలు చెరిపే అధికారం మీకు లేదు అని. అమెరికాలో 2014లో సుప్రీంకోర్టు అరెస్టు చేసిన మనిషి ఫోన్ చూడాలన్నా మామూలుగా వారెంట్ ఉండాల్సిందే అంది. పోలీసులకే ఇన్ని హద్దులుంటే గార్డుకి ఎక్కడిది?

అయితే మీ విషయంలో ఒక చిక్కుంది. మీరే చేశారు. మీ వేలితో మీరు నొక్కారు. రేపు మీరు ఫిర్యాదు చేస్తే వాళ్ళు అనే మొదటి మాట అదే, మేం ముట్టుకోలేదు, ఆయనే ఇష్టపడి తీసేశారు అని. తలుపేసిన గదిలో ముగ్గురు నిలబడితే దాన్ని ఇష్టం అనొచ్చా అనేది మంచి వాదనే, కానీ నిరూపించడం కష్టం.

కార్డురీడర్:

వాదనలు తర్వాత. ముందు ఆ కార్డు కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి. ఇప్పుడే. ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు.

డిలీట్ కొడితే ఫోటో చెరిగిపోదు. కార్డులో ఒక జాబితా ఉంటుంది, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పేది, అందులో ఆ పేరు కొట్టేసి "ఈ చోటు ఖాళీ" అని గుర్తు పెడుతుంది, అంతే. అసలు ఫోటో అక్కడే ఉంటుంది, ఇంకోటి వచ్చి దాని మీద కూర్చునేదాకా. మీరు బయటికొచ్చి కోపంతో మూడు తీశారు చూడండి, అవి బహుశా వాటి మీదే కూర్చున్నాయి. వాటి కింద పడ్డ పాత మూడూ పోయాయనుకోండి. మిగతావి వస్తాయి.

ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వాడ్డానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో భయపెట్టేలా ఉంటుంది గానీ పని చేస్తుంది. ముందు కార్డు మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఒక డిస్క్ ఇమేజ్‌గా, అంటే ఖాళీ చోట్లతో సహా ఉన్నదున్నట్టు నకలుగా, కాపీ చేసుకోండి, వెతుకులాట ఆ కాపీ మీద చేయండి. దొరికినవాటిని మాత్రం పొరపాటున కూడా అదే కార్డులో సేవ్ చేయొద్దు, ఈ తప్పు చేసి ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశా. పాత ఫైల్ పేర్లు రావు, ఫోటోలు వస్తాయి.

ఫోన్‌తో తీసుంటే కథ వేరు. ఐఫోన్‌లో డిలీట్ చేసినవి వేరే ఆల్బమ్‌లో 30 రోజులు ఉంటాయి, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే ట్రాష్‌లో 60 రోజులు. కానీ అక్కడినుంచి కూడా తీసేస్తే ఇక మర్చిపోవడమే, ఇప్పటి ఫోన్లలో లోపలి మెమరీ అంతా తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, కార్డులో వెతికినట్టు అందులో వెతకలేం.

షిఫ్ట్‌డ్యూటీ:

ఎవరూ రాయరు కాబట్టి అటువైపు సంగతి నేను రాస్తా. ఏడేళ్ళు మాల్ సెక్యూరిటీలో చేశా, చివరి మూడేళ్ళు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని.

గాజుకప్పు గారూ, మీ దగ్గరికి వచ్చినతనికి ఎస్కలేటర్ అందం గురించి పట్టదు, మీ మీద కోపమూ లేదు. అతను మాల్ ఉద్యోగి కూడా కాకపోవచ్చు, ఏజెన్సీ నుంచి వచ్చినవాడు. డ్యూటీ ఎక్కేముందు అతనికి ఒక కాగితం ఇస్తారు, అందులో "ఫోటోగ్రఫీ నిషేధం" అని ఒక లైను ఉంటుంది, ఎందుకో ఉండదు. నేనూ ఎందుకని అడగలేదు చాలాకాలం. తర్వాత తెలిసింది, ఒక్కో కారణం ఒక్కొక్కరిది. షాపులవాళ్ళకి ధరలు, అలంకరణ పోటీ వాళ్ళకి చేరతాయని భయం. మేనేజ్‌మెంట్‌కి డబ్బు, ఎందుకంటే ప్రకటనల షూటింగ్‌కి వాళ్ళు అద్దె తీసుకుంటారు, పెద్ద కెమెరా కనబడితే ఉచితంగా షూటింగ్ చేసుకుపోతున్నాడు అనుకుంటారు. ఇక మాకు కావలసింది ఒకటే, సీసీ కెమెరాలు ఎక్కడున్నాయి, అత్యవసర ద్వారాలు ఎక్కడున్నాయి అని ఎవడైనా లెక్క చూసుకుంటున్నాడా అన్నది. నిజం చెప్పాలంటే అలాంటివాడు మెడలో కెమెరా వేసుకుని రెయిలింగ్ దగ్గర పావుగంట నిలబడడు. ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ వీడియో తీసుకుని పోతాడు. ఆ సంగతి మాకూ తెలుసు. కానీ రీల్ చేసే పిల్లల్ని ఆపితే రోజుకి వెయ్యిమందిని ఆపాలి, మీలాంటివాడైతే ఒక్కడు, ఆపినట్టు రిజిస్టర్‌లో రాసుకోవచ్చు.

కెమెరా ముట్టుకోవద్దని మాకు గట్టిగా చెబుతారు. "మీరే డిలీట్ చేయండి సార్" అనేది ఆ మర్యాద మాట కాదు, నేర్పిన మాట. నల్లకోటు గారు సరిగ్గా పట్టుకున్నారు.

నేనూ ఆ మాట అన్నాను చాలామందితో. ఒకసారి ఒక పెద్దాయన, చనిపోయిన భార్యతో ఎప్పుడూ కూర్చునే బెంచీ ఫోటో తీసుకుంటుంటే ఆపా. ఆయన ఏమీ వాదించలేదు, తీసేసి వెళ్ళిపోయాడు. బెంచీ సంగతి తర్వాత పక్క షాపతను చెప్పాడు నాకు. ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పుడు.

సూటిమాట:

అందరూ గార్డునే అంటున్నారు కాబట్టి నేను వేరే మాట చెబుతా, తిట్టుకున్నా పర్లేదు.

ఎస్కలేటర్ల మీద మనుషులు లేరా? పై అంతస్తు నుంచి కిందికి కెమెరా పెట్టి పద్నాలుగు సార్లు నొక్కుతున్న మగమనిషిని కింద నుంచి చూసిన ఆడవాళ్ళకి ఏమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించారా? ఆయన చారలు తీస్తున్నాడో, మనల్నే తీస్తున్నాడో మాకెలా తెలుస్తుంది? నేను ఒకసారి సరిగ్గా ఇలాగే పైకి చూసి, గార్డుని పిలిచి చెప్పా. ఆ రోజు నిజంగానే వాడి ఫోన్‌లో మా ఫోటోలే ఉన్నాయి. ఎస్కలేటర్ కింద నుంచి తీసే వెధవల గురించి నేను చెప్పక్కర్లేదు. మీరు అలాంటివారని అనడం లేదు. కానీ గార్డు వచ్చి అడగడం తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. అడగాలి. గదిలోకి తీసుకెళ్ళడం, ఫోటో తీసుకోవడం, అది అతి.

గాజుకప్పు:

సూటిమాట గారూ, మీ మాట చదివి కాసేపు ఆగిపోయా. కింద నుంచి ఎలా కనబడతానో నిజంగా ఆలోచించలేదు. నా దృష్టిలో వాళ్ళు మనుషులు కూడా కాదు, నీడలు. అది ఇంకా అన్యాయంగా ఉన్నట్టుంది రాస్తుంటే.

నల్లకోటు గారూ, మరి నేను బయట నుంచి తీసినవి? వాటికీ ఏమైనా అంటారా? వాళ్ళ దగ్గరున్న నా ఫోటో సంగతేంటి?

నల్లకోటు:

రోడ్డు మీద నిలబడి భవనం బయటి భాగం తీయడానికి సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పలేరు, గార్డు గేటు దాటి వచ్చి అరిచినా సరే. ఆ ఫోటోని వ్యాపారానికి వాడితే మాత్రం కొన్ని చోట్ల పేచీలుంటాయి. ఈఫిల్ టవర్‌నే చూడండి, పగలు ఎలా తీసినా ఇబ్బంది లేదు, రాత్రిపూట దీపాల అలంకరణ మీద హక్కులున్నాయి కాబట్టి ఆ చిత్రాన్ని వృత్తిపరంగా వాడాలంటే అనుమతి అడుగుతారు. మీరు ఇంట్లో గోడకి పెట్టుకుంటే ఎవరికీ పట్టదు.

వాళ్ళు తీసుకున్న మీ ఫోటో గురించి. గార్డు అడిగినంత మాత్రాన గుర్తింపు కార్డు చూపించి తీరాలని చాలా చోట్ల లేదు. "ఫోటోలు ఆపేశాను, వెళ్ళిపోతున్నాను" అని చెప్పి నడిచి ఉంటే సరిపోయేది. ఏదైనా నేరం చేస్తుండగా చూస్తే తప్ప మామూలుగా వాళ్ళు పట్టి ఉంచలేరు, అసలు ఎంతవరకు అనేది దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో అయితే 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం కింద "నా గురించి మీ దగ్గర ఏముంది, చూపించండి" అని సంస్థని అడగొచ్చు, సీసీ కెమెరాలో మీరున్న భాగం కూడా. మీరున్న చోట అలాంటి చట్టం ఉంటే మేనేజ్‌మెంట్‌కి ఒక ఉత్తరం రాయండి, గొడవ పెట్టుకున్నట్టు కాకుండా.

సూటిమాట గారు లేవనెత్తినదానికి ఒక పాత కథ చెప్పాలనిపిస్తోంది. 1898లో జర్మనీలో మాజీ ఛాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) బిస్మార్క్ చనిపోతే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రాత్రివేళ ఆ గదిలోకి దూరి, మంచం మీదున్న శవాన్ని ఫోటో తీశారు, అమ్ముకోవాలని చూశారు. కుటుంబం కోర్టుకెళ్ళింది. అప్పటికి మనిషికి తన బొమ్మ మీద హక్కు ఉందని సూటిగా చెప్పే చట్టం లేదు, అందుకని కోర్టు "ఇల్లు వాళ్ళది, దొంగతనంగా దూరారు" అనే దారిలోంచి తిరిగి వచ్చి తీర్పు చెప్పాల్సొచ్చింది. 1907లో చట్టం చేశారు, మనిషి బొమ్మని బయటపెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి అని. ఆ చట్టంలోనే ఒక మినహాయింపు కూడా ఉంది, దృశ్యంలో మనిషి ఏదో పక్కన పడి ఉన్నట్టుంటే పర్లేదు అని. మీరు "నీడలు" అన్నారే, సరిగ్గా అదే.

పాతఫిల్మ్:

ఆలస్యంగా వచ్చా. మాల్ వాళ్ళు మొండిగానే ఉంటారని అనుకోకండి. 2011లో స్కాట్లాండ్‌లో, గ్లాస్గో దగ్గర ఒక మాల్‌లో, ఒక తండ్రి ఐస్‌క్రీమ్ తింటున్న తన నాలుగేళ్ళ కూతుర్ని ఫోన్‌తో ఫోటో తీసినందుకు సెక్యూరిటీ ఆపింది, పోలీసులు కూడా వచ్చారు. ఆయన జరిగినదంతా ఫేస్‌బుక్‌లో రాశాడు, వేలమంది ఆయన వెంట నిలబడ్డారు. కొద్దిరోజుల్లోనే మాల్ క్షమాపణ చెప్పి, ఇకనుంచి కుటుంబసభ్యుల్ని, స్నేహితుల్ని ఫోటో తీసుకోవచ్చని నిబంధన మార్చింది.

ఇంకో మాట, ఈ మాల్ అనే వస్తువు పుట్టిందే వీధిలా కనబడడానికి. 1956లో అమెరికాలోని మిన్నెసోటాలో సౌత్‌డేల్ అని కట్టారు, పూర్తిగా పైకప్పు కింద, చలీ ఎండా లేకుండా. డిజైన్ చేసింది విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్ట్, వియన్నాలో పెరిగినవాడు, ఊరి మధ్య జనం కలుసుకునే చౌరస్తాని లోపలికి తేవాలన్నది ఆయన కల. తర్వాత తర్వాత మాల్స్ తయారైన తీరు చూసి ఇవి నావి కావని ఆయనే విసుక్కున్నాడు. చౌరస్తాలా ఉంటుంది కానీ చౌరస్తాలో చేసేవేవీ చేయనివ్వరు, మీకొచ్చిన చికాకంతా అదే. ఇటలీలోని మిలాన్‌లో 1867లో తెరిచిన గ్యాలరియా అని గాజు కప్పు వేసిన షాపుల వీధి ఉంది కదా, అది ఇప్పటికీ నగరపాలక సంస్థ సొత్తు, దాని మధ్యలోని అష్టకోణపు గాజు గోపురం కింద నిలబడి జనం పొద్దస్తమానం పైకి కెమెరాలు పెట్టి తీసుకుంటూనే ఉంటారు.

నా సలహా అడిగితే, మాల్ తెరిచిన వెంటనే వెళ్ళండి, జనం ఉండరు. ముందురోజే మేనేజ్‌మెంట్ ఆఫీసుకి, షాపుకి కాదు, నడవాలు మేనేజ్‌మెంట్‌వి, ఒక మెయిల్ పెట్టండి. ఏ భాగం, ఎంతసేపు, దేనికి, ట్రైపాడ్ లేదు అని నాలుగు లైన్లు. ఆ జవాబు ఫోన్‌లో ఉంచుకుని, ఎదురుపడ్డ మొదటి గార్డుకి మీరే వెళ్ళి చూపించండి, అతను వచ్చేదాకా ఆగకుండా.

షిఫ్ట్‌డ్యూటీ:

పాతఫిల్మ్ గారు చెప్పింది చేయండి, వందకి వంద పని చేస్తుందని కాదు, కానీ వాకీటాకీలో "పర్మిషన్ ఉంది" అనే మాట వెళ్తే ఆ షిఫ్ట్‌లో ఇంకెవరూ మిమ్మల్ని ముట్టుకోరు. షిఫ్ట్ మారే టైమ్ దాటేదాకా ఉండకండి, తర్వాతి వాళ్ళకి చెప్పడం మర్చిపోతారు. మేం మర్చిపోయేవాళ్ళం.

గాజుకప్పు:

వారం తర్వాత రాస్తున్నా. కార్డురీడర్ అన్నా, మీరు చెప్పినట్టే చేశా, పదకొండు వచ్చాయి, సరిగ్గా మూడు పోయాయి! నా కోపమే మింగేసింది వాటిని.

మేనేజ్‌మెంట్‌కి రెండు మెయిళ్ళు పెట్టా. ఒకటి పర్మిషన్ కోసం, ఒకటి నా ఫోటో తీసేయమని. పర్మిషన్ మెయిల్‌కి జవాబొచ్చింది, పొద్దున్నే ఒక గంట ఇస్తామని. రెండోదానికి ఇంకా రాలేదు. సూటిమాట గారూ, పదకొండులో రెండిటిలో ఎస్కలేటర్ల మీది మనుషుల ముఖాలు పోల్చుకునేలా ఉన్నాయి, ఆ రెండూ ఈసారి నేనే ఇష్టపడి తీసేశా.

ఇంకోటి. చివరి ఫోటో తెరిచి చూస్తే, రెండంతస్తుల కింద వంతెన మీద అతను కనబడ్డాడు, నన్ను ఆపినతను. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని తిన్నగా నా కెమెరాలోకి చూస్తున్నాడు, ఒక ఎండ చార సరిగ్గా అతని మీదే పడింది. మొత్తంలో మంచి ఫోటో అదే.

షిఫ్ట్‌డ్యూటీ:

అది ఎక్కడా పెట్టకండి. ముఖం కనబడుతోందా?

గాజుకప్పు:

కనబడుతోంది. పెట్టను. ఆ గంట ఇచ్చిన రోజు ప్రింట్ తీసుకెళ్ళి అతనికే ఇద్దామనుకుంటున్నా, డ్యూటీలో ఉంటే.

షిఫ్ట్‌డ్యూటీ:

కవర్‌లో పెట్టి ఇవ్వండి. డ్యూటీలో చేతిలో ఫోటో పట్టుకుని నిలబడితే అతన్ని అడుగుతారు.